అక్క చేతి వణుకు

పోయిన నెల ధర్మవరంలో మా అక్క కన్నుమూసింది. ఆ వార్త బంధువుల వాట్సాప్ గ్రూపులో 'శ్రద్దాంజలి' అనే తప్పుడు మాటతో నాకు చేరింది. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒక్కరికీ ఒత్తు లోపం కనబడలేదు. న్యుమోనియాతో పోయిందని వైద్యులు స్పష్టంగా చెప్పినా, శవం పక్కన కూర్చున్న పెద్దమనుషులు "ఆ పిచ్చిమాత్రలే తినేసినాయప్పా ఆయమ్మను" అని తేల్చేశారు. వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టం. అర్థం శుద్ధ అబద్ధం. అందుకే ఇది రాస్తున్నాను.

అక్క పట్టుచీరలు నేసేది. నా టీచరు ట్రైనింగు ఆ చీరల మీదే సాగింది. కొత్త పడుగు పోగును పాతదానితో ఆమె మెలిపెట్టి అతికితే అతుకు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది. నడివయసులో మగ్గం చప్పుడులోంచి ఎవరో తనను తిడుతున్నట్లు ఆమెకు వినిపించసాగింది. మా బావ మంచివాడు, నోరు లేనివాడు. ఇంటి పెత్తనం ఆయన అన్నగారిది, అంటే అక్కకు బావగారిది. పట్టుచీరల అంగడి యజమాని. ఆ మహానుభావుడు తాయెత్తు కట్టించాడు, వేపమండలతో కొట్టించాడు. అప్పుడు పెనుకొండలో పనిచేస్తున్న నేను అక్కను హిందూపురంలో మానసిక వైద్యుని దగ్గరికి తీసుకుపోయాను. కొన్ని వారాలకు గొంతులు ఆగాయి. చేతులు వణకడం మొదలైంది.

కారణం అడిగితే డాక్టరు ఓపికగా చెప్పాడు. "బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద టవలు వేస్తారే, ఈ మాత్ర చేసేదీ అదే. మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. అది వచ్చి కూర్చునే సీట్లను గ్రాహకాలంటాం. ఒకచోట దాని రద్దీ ఎక్కువైతే లేని మాటలు వినిపిస్తాయి. మాత్ర ముందే పోయి ఆ సీట్లు ఆపేస్తుంది. కానీ చేతుల కదలికను నడిపేచోట కూడా అవే సీట్లున్నాయి. అక్కడా టవలు పడుతుంది. అందుకే ఈ వణుకు."

అక్క ఆలోచించి, "అంటే నా తలకాయ నిండా టవళ్ళేసినారు. ఉతికినవేనా సార్?" అంది.

తిరుగు బస్సులో మాత్రం నవ్వలేదు. "చేతులు వణికితే ఊరంతా చూస్తాది. తల వణికితే నేనొక్కదాన్నే చూడల్ల. ఊరినే చూడనీలే అబ్బీ."

ఊరు కడుపునిండా చూసింది. అతుకుపని పోయి, అక్క బావగారి అంగట్లో చీరలు మడతపెట్టడానికి కూర్చుంది. "ఏమ్మా, దయ్యం తలలోంచి చేతుల్లోకి దిగినట్టుండాదే" అని వచ్చినవాళ్ళ వెటకారం. జబ్బును అణచిన మందు వల్ల పుట్టిన వణుకునే జబ్బనుకున్న మేధావులు వీళ్ళు. అక్క వెనక గదిలో చాటుగా మాత్ర మింగేది.

ఇంతలో బావగారి కూతురి పెళ్ళి కుదిరింది. వచ్చిన ముత్తయిదువులకు కుంకుమ పెట్టవలసింది అక్క. "ఆ చేత్తో పెడితే నా మర్యాద ఏం కావల్ల? పెండ్లి అయ్యేదాకా ఇవి నా దగ్గరుండనీ" అని ఆయన మాత్రలు లాక్కుని గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశాడు. నాకెవరూ చెప్పలేదు.

హిందూపురం కల్యాణ మండపంలో అక్క నా భార్య నుదుట చక్కగా గుండ్రంగా కుంకుమ దిద్దింది. నేను ఆశ్చర్యపోతుండగా బావగారు మీసం దువ్వాడు. "చూస్తివా? మాత్రలు మానిపిస్తూనే నయమైపాయ. నీ డాక్టరుకేం తెలుసప్పా?"

టవళ్ళు తీసేసిన సంగతి చేతులకు ముందు తెలిసింది. తలకు ఆలస్యంగా తెలిసింది, అంతే. భోజనాల వేళ అక్క వియ్యాలవారి పంక్తిలోకి దూసుకుపోయింది. "తినొద్దండి! అన్నంలో విషముండాది, నాకు చెప్తాండారు!" అంటూ విస్తళ్ళు లాగి పారేసింది. ఆ చేతులు రవ్వంత కూడా వణకలేదు.

మర్యాద కోసం మాత్రలు దాచిన పెద్దమనిషి స్తంభం చాటున దాక్కున్నాడు.

డాక్టరు మందు మార్చి, మోతాదు సరిచేశాడు. ఆమె కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. వణుకు తగ్గింది గానీ పోలేదు. బావగారిని చూస్తే నీకు ఒళ్ళు మండదా అని అడిగాను. "ఆయన కండ్లకు చేతులే కనపడతాయి. అవే చూపిస్తా" అంది.

తర్వాత ఒకనాడు అంగడికి వెళ్ళాను. బెంగళూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళ ముందు తెల్లటి పరుపు మీద చీరలు పరిచి ఉన్నాయి. అక్క అందరి నడుమ కూర్చుని మాత్ర చేతిలోకి తీసుకుని గ్లాసు ఎత్తింది. నీళ్ళు తొణికాయి.

"చీరలమ్మా, చీరలు! లోపలికి పోయి మింగకూడదా?" అన్నాడు బావగారు.

"లోపల చాటుగా మింగినందుకే కద బావా, మీరు తాళమేసింది?"

అక్క తొందరపడకుండా మింగి, గ్లాసు కింద పెట్టింది. తడి పాకుతున్నవైపు నుంచి ఎర్రచీర తీసి, కొంగు విప్పి ఆడవాళ్ళ ముందు ఎత్తి పట్టుకుంది. ఆమె చేయి వణుకుతున్నంతసేపూ కొంగు మీది జరీ మిలమిలలాడుతూనే ఉంది.