రాగి గిన్నెలో మైనం

నా చిన్నప్పుడు, బడి నోటుపుస్తకం చివరి పుటలో రాసుకున్న మొదటి డైరీ ఇలా మొదలవుతుంది: "బుధవారం. ఎండాకాలం. వాగు కాలువ దగ్గర ఉన్నవాళ్లు: మా తాతయ్య, పక్క పొలం పెద్దమ్మ, ఇంగువ కాబూలీ, నేను." మొన్న టీవీలో ఆఫ్ఘనిస్తాన్ మీద బాంబులు పడటం చూస్తూ మా మనవరాలు, "అక్కడ మామూలు మనుషులుండరా అమ్మమ్మా?" అని అడిగింది. ఆ పుస్తకం తీసి చూపించాను.

టేకులపల్లి అవతల అడవి అంచున మా ఊరు. ఇంగువ అమ్ముకుంటూ వచ్చే కాబూలీ ఏటా రెండు రోజులు మా అరుగు మీద బస చేసేవాడు. ఆఫ్ఘనిస్తాన్‌లో హెరాత్ దగ్గర ఒక పల్లె అతనిది. అక్కడ వాన తక్కువట. అతని ముత్తాతల ముత్తాతలు కొండ అడుగు నుంచి ఊరిదాకా నేల లోపల సొరంగం తవ్వి నీళ్లు తెచ్చుకున్నారట. "బాద్‌షాలు వచ్చిండ్రు, పోయిండ్రు. నీళ్ల వంతు మాత్రం మారలే" అనేవాడు.

ఆ ఏడు వాగు సన్నబడింది. మా యాసంగి వరికీ, పెద్దమ్మ వరికీ ఒకటే కాలువ. పొద్దు చూసి వంతులు వేసుకునేవారు. ఆమె పెనిమిటి దవాఖానాలో ఉన్నాడు, పెద్దమ్మ ఒక్కతే. వెన్ను తీసే ముందు పొట్ట మీదున్న ఆమె వరి ఆ వారం తడవకపోతే గింజ పట్టక అంతా తాలే. ఆ రోజు ఆమె నడుముకు కొంగు బిగించి గట్టు మీద నిలబడింది. "ఏంది చిన్నాయనా, నా వంతుల పొద్దు ఉరుకుతది, నీ వంతుల కూసుంటదా?"

"పొద్దును నేను తాడేసి కట్టిన్నా బిడ్డా?" అన్నాడు తాతయ్య.

కాబూలీ నవ్వి, మా పాత రాగి గిన్నె అడుగున మేకుతో సన్న చిల్లు పొడిచాడు. నీళ్ల గంగాళంలో వదిలితే అది మెల్లగా నిండి మునిగింది. పది మునకలు ఒక వంతు. వాళ్ల ఊళ్లో గిన్నె దగ్గర పొలం లేని మనిషినే కూర్చోబెడతారట. "నీకు పొలం లేదు కదా బేటీ" అని ఆ పని నాకు అప్పగించాడు.

పొలం లేదు గానీ తాతయ్య ఉన్నాడు. మా వంతు మొదలవగానే తేనెపట్టు మైనం చిన్న ఉండ చేసి చిల్లు సగం మూశాను. గిన్నె మునగనంటూ తేలింది. మా మడులు నిండి పొంగుతున్నాయి. పెద్దమ్మ ఎండలో ఎదురుచూస్తూనే ఉంది.

కాబూలీ వచ్చి గిన్నె ఎత్తి చూశాడు. తిట్టలేదు. ఎవరికీ చెప్పలేదు. గోటితో మైనం గీకి నా అరచేతిలో పెట్టి, మా వంతు అయిపోయిందని తనే కేకేశాడు. తర్వాత నా భుజాలు పట్టుకుని అటు తిప్పాడు. "మా ఊర్ల గిట్ల కూసుంటరు. సొంతోళ్ల పొలానికి వీపు." ఎదురుగా పెద్దమ్మ మడి. నా చెయ్యి పట్టేంత నెర్రెలు.

సాయంత్రం ఆ పుట రాశాను. చివరి మాట: "మైనం నేనే పెట్టాను."

మర్నాడు పొద్దున్నే కాబూలీ మూట ఎత్తుకుని కల్లూరు దారి పట్టాడు. నేను ఆ పుట తాతయ్యకు చదివి వినిపించాను. ఆయన లేచాడు. పార తీసుకుని నడిచాడు. మొదటి వంతు మాదే అయినా, మా మడవ మూసి పెద్దమ్మ మడవ తెరిచాడు. ఆమె నమ్మలేనట్టు చూస్తుంటే, "అవ్ బిడ్డా, నీదే" అన్నాడు.

తర్వాత ఉద్యోగంలో ఎన్ని తగవులు విన్నానో. ప్రతిసారీ నా వాళ్లు వెనక్కి వచ్చేలా కుర్చీ కొంచెం తిప్పుకునేదాన్ని. తాతయ్య ఆమె మడవ తెరిచిన ఆ పొద్దున మా పొలానికి వీపు పెట్టి కూర్చుంటే, పెద్దమ్మ నెర్రెల్లోకి నీళ్లు దిగుతున్న చప్పుడు గిన్నె దాకా వినిపించింది.