అడ్డం రాని మనిషి

ఎవరు మాట్లాడుతున్నా గంగులప్ప మధ్యలో అడ్డం రాడు. చూపు పోయాక, భార్యకు ఫోను చేయాలన్నా ఎవరో ఒకరు కలిపివ్వాల్సిందే. అందుకే మదనపల్లెలో, తెరమీదున్నది చదివి వినిపించే ఫోను వాడటం నేర్చుకుంటున్నాడు. అక్కడా అదే మర్యాద. ఫోనులోని ఆడగొంతు ముగించేదాకా వేలు పైకెత్తి, తలూపుతూ కూర్చుంటాడు. నేర్పే భార్గవి ఆ వేలు పట్టుకుని తెరమీద పక్కకు జరుపుతుంది. "అది మిషనప్పా. మధ్యలోనే ఆపేసి ముందుకు పో." "ఆడమనిషి మాట్లాడతాండాది, యాల ఆపేదమ్మా?" అంటాడతను.

ఈరోజు భార్గవి చేయి వదిలేసింది. ఫోను చదివే ఒక్కో పేరూ పూర్తిగా విని, గంగులప్ప తానే వేలు జరుపుకుంటూ పోయాడు. "లక్ష్మీదేవమ్మ" అనగానే రెండుసార్లు తట్టాడు. అవతల భార్య పలికింది. "ఫోను ఎవురు కలిపిచ్చినారు? ఆ నేర్పే పాపేనా, లేకుంటే..."

"నేనే!" అన్నాడు గంగులప్ప, ఆమె మాట పూర్తికాకుండానే.