పెద్ద మెషీన్ మేడమ్

మా మేడమ్ పోయారని బుధవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసింది అప్పట్లో నాతో పనిచేసిన స్నేహితురాలు. "నిద్రల్నే పోయిన్రట. తక్లీఫ్ ఏం పడలేదట," అంది.

మేడమ్ మాకు పని నేర్పిన మనిషి. ఎనభైల్లో సికింద్రాబాద్ కార్ఖానా ఏరియాలో ఒక మేడ మీద కంప్యూటర్ సెంటర్ ఉండేది. సొంతంగా కంప్యూటర్ కొనే స్తోమత లేని కంపెనీలు తమ జీతాలు, బిల్లులు, స్టాకు లెక్కలు మా దగ్గర చేయించుకునేవి. బీరువాలంత పెట్టెలతో ఏసీ గదినంతా ఆక్రమించిన ఆ మెషీన్ బాధ్యత మేడమ్‌ది. మేము డేటా ఎంట్రీ అమ్మాయిలం.

నెలాఖరున జీతాల పని నడుస్తుంటే ఆవిడ భోజనానికి కూడా లేచేవారు కాదు. "మనం ఆలస్యం చేస్తే ఎవరింట్లోనో పాలు ఆగిపోతాయమ్మా," అనేవారు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు. పక్కన కూర్చుని, తప్పు దొరికేదాకా మాతోపాటు వెతికేవారు.

అంతలో టేబుల్ మీద పట్టే చిన్న కంప్యూటర్లు చవగ్గా రావడం మొదలైంది. మా పాత ఖాతాదారు, ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి, ఒకటి అద్దెకు తెచ్చుకుని మేడమ్‌ని చూడమని పిలిచాడు. బయల్దేరేముందు మా ఓనర్ ఆపాడు.

"మేడమ్, అది పనికిరాదని జెర గట్టిగ చెప్పుండ్రి. ఆయన పోతే అందరు పోతరు."

మేడమ్ చేతిసంచి తీసుకున్నారు. నన్నూ తీసుకెళ్లారు. ఆ దుకాణంలో సాయంత్రం దాకా కూర్చుని, అతని బిల్లులన్నీ ఆ చిన్న కంప్యూటర్ మీద చేసి చూశారు.

"నిజం చెప్పుండ్రి మేడమ్. గీ డబ్బా మీ పెద్ద మెషీన్ పని చేస్తదా?" అన్నాడాయన.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అన్ని పనులూ చెయ్యదండీ. మీ పనికి మాత్రం ఇది చాలు. కొనుక్కోండి."

మర్నాడు ఓనర్ మండిపడ్డాడు. "మన కడుపు మీద మీరే కొట్టిన్రు!"

"నన్ను నమ్మి అడిగాడండీ. నమ్మి అడిగినవాడికి అబద్ధం ఎలా చెప్పను?" అన్నారు మేడమ్.

ఓనర్ భయపడ్డట్టే అయింది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అబద్ధం చెప్పినా వెళ్లేవాళ్లే, కాకపోతే కాస్త ఆలస్యంగా. మేడమ్ ఓనర్‌ని బతిమాలి ఒక చిన్న కంప్యూటర్ తెప్పించి, ముందు తాను నేర్చుకుని, పని అయ్యాక రోజూ మాకు నేర్పారు. సెంటర్ మూతపడేలోపు మాకందరికీ ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరికింది. నన్ను ఆ మందుల వ్యాపారే తీసుకున్నాడు.

ఆవిడకు మాత్రం దొరకలేదు. పెద్ద మెషీన్ మీద అంత అనుభవం ఉన్న మనిషి ఏ చిన్న ఆఫీసుకూ అక్కర్లేకపోయింది. ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పుకుంటూ మిగతా కాలం గడిపారు.

ఒకసారి వెళ్లినప్పుడు ఉండబట్టలేక అడిగాను. "బాధగా లేదా మేడమ్?"

"ఎందుకుండదే? ఆ మెషీన్ చప్పుడు లేక చాన్నాళ్లు నిద్రపట్టలేదు," అన్నారు. "కాఫీ తాగుతావా?" అంటూ లేచారు.

మొన్న బన్సీలాల్‌పేట్ శ్మశానం నుంచి తిరిగి వస్తుంటే మెషీన్‌ని తుక్కుకు తీసుకెళ్లిన రోజే కళ్లముందు మెదిలింది. హమాలీలు చివరి పెట్టె మెట్లు దించేశారు. ఏసీ ఆపేశారు. ఎప్పుడూ మూసి ఉండే కిటికీలు తెరిస్తే ఎండ, బస్సుల హారన్లు లోపలికొచ్చాయి. నేలంతా మాసిపోయి ఉంది. పెట్టెలున్న చోట్ల మాత్రం గచ్చు కొత్తదానిలా తెల్లగా మెరుస్తోంది. కిటికీలు మళ్లీ మూయడానికి మేడమ్ గదికి అడ్డంగా నడిచారు. ఆ తెల్లటి చోట్ల మీద అడుగు పడకుండా, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, చుట్టూ తిరిగి వెళ్లారు.