ఏంటమ్మా మాస్టారు

బస్సు డిపో మహిళల హాకీ జట్టు కోచ్‌గారికి సరిగ్గా వినపడదు. మనం చెప్పేది ఒకటైతే ఆయన చెవికి చేరేది ఇంకొకటి. ఎవరేమన్నా చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టి "ఏంటమ్మా?" అనేవారు. అందుకని అందరికీ ఆయన ఏంటమ్మా మాస్టారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో.

జట్టు గోల్‌కీపర్ ఒక కండక్టరమ్మ. ముందు మెట్టు మీద నిలబడి ఆవిడొక్క కేక వేస్తే వెనక సీట్లో గుర్రుపెట్టేవాడు ఉలిక్కిపడి టిక్కెట్టు చూపించాల్సిందే. అంతటి గొంతు కూడా మాస్టారి చెవి దగ్గరికొచ్చేసరికి దారి తప్పేది.

సీజన్ దగ్గరపడటంతో బస్సులు కడిగే షెడ్డు వెనక మైదానంలో పొద్దున్నే ప్రాక్టీసు మొదలైంది. మైదానం చుట్టూ పరుగెత్తీ పరుగెత్తీ, టిక్కెట్లు తనిఖీ చేసే కెప్టెనమ్మ గడ్డిలో కూలబడింది.

"సార్, కాలు పట్టేసింది."

"ఏంటమ్మా? గోలు కొట్టేసిందా? ఎవరు కొట్టినా మంచిదే. లే, నువ్వూ ఒకటి కొట్టు."

ఇంకొకావిడ రొప్పుతూ వచ్చింది. "ఊపిరాడటం లేదు సార్."

"ఊరికే ఆడటం లేదా? బాగా చెప్పావు. గెలవడానికే ఆడుతున్నాం."

"ఇక చాలు మాస్టారూ" అని అందరూ కలిసి మొత్తుకున్నారు.

"ఇంకా చాలదా? మీ ఉత్సాహం చూస్తే నాకే సిగ్గేస్తోంది. పదండి, మళ్లీ మొదట్నుంచి."

ఎలాగూ వినపడదు కదా అని ఆయన్ని ఎదురుగా నిలబడే తిట్టేవారు. ఆయన చిరునవ్వుతో తలూపేవారు. అయినా ఆయన పనితనానికి దణ్ణం పెట్టాల్సిందే. పోయినేడు బంతి ఒక దిక్కున, జట్టు ఒక దిక్కున ఉండేవి. ఇప్పుడు తలెత్తి చూడకుండానే ఒకరి కర్రకి ఒకరు బంతి అందిస్తున్నారు. ఎవరు రాత్రి డ్యూటీ దిగి నిద్ర లేకుండా వచ్చారో ఆయన మొహం చూసి కనిపెట్టేసి, వాళ్లని నీడలో కూర్చోబెట్టి బంతులు తుడవమనేవారు.

ఒకరోజు పాత టైర్ల గదిలో బట్టలు మార్చుకుంటూ కండక్టరమ్మ కెప్టెన్‌తో గుసగుసగా అంది. "ఎవరితోనూ అనకు వదినా. బంతి మీదికొస్తుంటే కళ్లు మూసేసుకుంటున్నాను. పోయినేడు మెడ కింద తగిలిన దగ్గర్నుంచీ ఇంతే. ఆట మానుకోలేను, ఆ భయం పోదు."

తలుపు బయట మాస్టారు కూర్చుని కర్రలకి పట్టీ చుట్టుకుంటున్నారు. ఆయనుంటే ఏంటి, లేకపోతే ఏంటి అనుకున్నారిద్దరూ.

మర్నాడు ప్రాక్టీసుకి హాకీ బంతుల బదులు మెత్తటి టెన్నిస్ బంతులొచ్చాయి. అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

"షాపతను 'టెన్నిస్సా' అన్నాడమ్మా. 'టెన్ ఇస్తా' అన్నాడనుకుని తలూపాను. కొన్నాక ఏం చేస్తాం, ఆడేద్దాం."

అవే బంతులతో రోజూ కండక్టరమ్మ మీదికి ఆయనే స్వయంగా కొట్టేవారు. తగిలినా నొప్పి లేదు. కొన్నాళ్లకి అవి పోయి గట్టి రబ్బరు బంతులొచ్చాయి. అది కూడా షాపతని తప్పేనన్నారు. చివరికి అసలు బంతులొచ్చాయి. ఆ వేళ ఆవిడ వరసగా బంతులాపాక గానీ తన కళ్లు తెరిచే ఉన్నాయన్న సంగతి తనకే తట్టలేదు.

మొదటి మ్యాచ్ ముందు ఆవిడ ఆ గదిలోనే టైర్ల వెనక కూర్చుని ప్యాడ్లు కట్టుకుంటుంటే, గుమ్మంలో ఉన్న మాస్టారి దగ్గరికి డిపో ఆటల సెక్రటరీ వచ్చాడు.

"మాస్టారూ, ఆ గోల్‌కీపర్ని తీసేద్దాం."

"తీసిద్దామా? నేనూ అదే అనుకుంటున్నా. ఆవిడ ప్యాడ్లు మరీ చిరిగిపోయాయి."

"అది కాదండీ. ఆవిడకి వయసు మీరిపోయింది."

"మీ మనసు మారిపోయిందా? సంతోషం. ప్యాడ్లతోపాటు హెల్మెట్టు కూడా తీసిద్దాం."

సెక్రటరీ అరిచి అరిచి గొంతు బొంగురుపోయి, కొత్త సామాను తెప్పించడానికి ఒప్పుకుని బయటపడ్డాడు. టైర్ల వెనక కండక్టరమ్మ చేతిలోంచి జారి, ప్యాడు బకిల్ నేలకి తగిలి సన్నగా టిక్కుమంది.

"జాగ్రత్తమ్మా, అది విరిగితే ఇవాళ్టికి ఇంకోటి దొరకదు" అన్నారు మాస్టారు, వెనక్కి తిరక్కుండానే.

ఆవిడ టైర్ల మీదుగా తలెత్తి చూసింది. ఆయన మెల్లగా చెవి వెనక చెయ్యి పెట్టారు. "ఏంటమ్మా?"

టెన్నిస్ బంతులన్నీ ఆవిడ కళ్లముందు గెంతాయి. వాటి వెనకాలే, ఇన్నాళ్లూ ఆయన మొహమ్మీదే తిట్టిన తిట్లన్నీ వరసకట్టాయి. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కిపోయాయి.

మ్యాచ్ చివర్లో అవతలివాళ్లకి, గోలుకి దగ్గర్నుంచి కొట్టే పెనాల్టీ కార్నర్ దొరికింది. బంతి సూటిగా మెడ ఎత్తున వచ్చింది. ఆవిడ దాన్ని కళ్లు తెరిచి, వచ్చేదాకా చూసి, చేత్తో పక్కకి తోసేసింది. మ్యాచ్ డ్రా అయింది. పోయినేడు గెలుపన్నదే ఎరగని జట్టు కప్పు గెలిచినట్టు గంతులేసింది.

సెక్రటరీ కండక్టరమ్మని పక్కకి పిలిచాడు. "నిజం చెప్పమ్మా. ఆ మనిషికి నిజంగానే వినపడదా?"

కాస్త దూరంలో బంతులు సంచిలో వేస్తున్న మాస్టారి చెయ్యి ఆగింది.

"బొత్తిగా వినపడదు సార్, పాపం" అందావిడ. "మీరేదన్నా చెప్పాలంటే దగ్గరికెళ్లి గట్టిగా చెప్పాలి."

సెక్రటరీ దగ్గరికెళ్లి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అభినందనలు మాస్టారూ."

"ఏంటీ, అందరికీ భోజనాలా?"

ఆ మాట మాత్రం జట్టు మొత్తానికి ఒక్కసారికే స్పష్టంగా వినిపించింది.