సమానానికి సంచులు తెచ్చారు

జనాభా, అభివృద్ధి లెక్కల్లో ఆడవాళ్ల వాటా ఎక్కడ మాయమవుతుందో కనిపెట్టే పని మీద ఘనా దేశం నుంచి ఒక లెక్చరరు జగిత్యాలలోని మా కాలేజీకి, అంటే నా నెత్తి మీదికి వచ్చింది. తన దేశపు పల్లెల్లో అడిగిన ప్రశ్నల్నే మా బీడీలు చేసే ఆడవాళ్లనూ అడిగి పోల్చి చూడాలని ఆమె తపన. సిరిసిల్ల తిరిగాం, గొల్లపల్లి తిరిగాం. "మీ పేరు మీద ఆస్తి ఏముంది?" అని ఆమె ఇంగ్లీషులో అడగడం, నేను తెలుగులో అడగడం, వాళ్లు "ఏం లేదు మేడం" అని తల వంచుకోవడం. ఇక మిగిలింది కోరుట్ల. మర్నాడే ఆమె విమానం. ఇన్ని "ఏం లేదు"లు మూటగట్టుకుని అంత దూరం ఎలా పోతుంది పాపం?

"కోరుట్ల ఆడవాళ్లు నోరు విప్పితే ఆపడం నీ తరం కాదు" అని కోతలు కోశాను. నేను పుట్టింది అక్కడే. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

చాటింపు వేయమని మైకు ఆటో అతనికి ఫోన్ చేశాను. "ఆడవాళ్లకు సమానం గురించి మీటింగ్" అన్నాను. లైన్లో ఒకటే గరగర. "సమజైంది మేడం" అన్నాడు.

మేం వెళ్లేసరికి హాలు కిటకిట! ఘనా మేడం ఆనందం పట్టలేక నా భుజం గిల్లింది. నేనూ పొంగిపోయి లోపలికి నడిచాను. అప్పుడు కనబడ్డాయి సంచులు. ప్రతి చంకలో ఒకటి. ఒకామె ప్లాస్టిక్ టబ్బే తెచ్చుకుంది.

"సామాన్ ఎప్పుడిస్తరు మేడం?" ముందు వరుసలోని పెద్దావిడ అడిగింది. "కుక్కరా, మిక్సీనా?"

"సామాన్ ఏంటమ్మా?"

"మైకుల చెప్పిండు గదా, ఆడోళ్లకు సామానమని."

"సామానం కాదు, సమానం! ఆడా మగా సమానం!"

"అయ్యో, ఉత్త సమానమేనా?" వెనక నుంచి ఎవరో నీరుగారిపోయారు. "బీడీలిడిసిపెట్టి అచ్చినం గదనే!"

సంచులు దులుపుకుని లేవబోయారు. ఘనా మేడం ముఖం వాడిపోయింది. నాకు ఒళ్లు మండి, కాలేజీ తెలుగు కాస్తా ఎటో పోయింది.

"సామాన్ సామాన్ అని మొత్తుకుంటున్నరు! మీ ఇంట్ల ఉన్న సామాన్లల్ల మీది ఏదో చెప్పుండ్రి ముందు. చెప్పినోళ్లే లేవుండ్రి!"

ఎవరూ లేవలేదు. పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "మన కోరుట్లదానివేనా బిడ్డా? ముందే చెప్పద్దా?" అని స్థిమితంగా కూర్చుని తనే మొదలుపెట్టింది.

"టీవీ ఆయనది, బండి ఆయనది. ఫ్రిజ్ కిస్తులు నేనే కట్టిన, గని అదీ ఆయనదేనట."

"మంచం?" పక్కామె ఎగదోసింది.

"మంచం ఆయనది. నల్లులు నాయి."

హాలు గొల్లుమంది. ఇక ఆగారా! బీడీల చాట నాదంటే నాదని ఒకరు, ఆ చాట కూడా అత్తదే అని ఒకరు. నేను ఇంగ్లీషులోకి మార్చలేక రొప్పుతున్నాను. ఘనా మేడం నవ్వుతూనే, వాళ్లమ్మ రోలును మగవాళ్లెవరూ ముట్టేవారు కారనీ, ఇల్లు మాత్రం ఆ మగవాళ్లదేననీ చెప్పింది.

"గీమెది ఏ దేశం?"

"ఘనా."

"గానానా? అయితె ఒక పాట పాడుమను!"

పాడింది! రోలు దగ్గర వాళ్లమ్మ పాడే పాటట. సన్నటి జడలు ఊపుతూ పాడుతుంటే, ఆ జడలకు నూనె ఎలా పెడుతుందో అడగమని నన్ను నలుగురు ఒకేసారి పొడిచారు.

పోతూ పోతూ పెద్దావిడ నిలదీసింది. "సామాన్ లేకపాయె. సమానమన్న ఇచ్చినవా? మరి గీ మీటింగ్ ఎందుకు పెట్టినవే?"

వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసింది. ఫ్రిజ్ తలుపు మీద నెయిల్ పాలిష్‌తో తన పేరు రాసుకుందట. వెనక నుంచి వాళ్లాయన గొంతు: "మేడం, జెర చెప్పుండ్రి! సల్లనీళ్లకు గూడ అడగాల్నట!"

ఆ సంగతి ఘనా మేడంకి చేరవేశాను. అక్కడి పల్లెల్లో ఇప్పుడు ఆస్తి మాట ఎత్తడం లేదనీ, "ఇంట్లో నీ సామాన్ ఏది?" అనే మొదలుపెడుతోందనీ జవాబొచ్చింది. కింద ఇంకో వాక్యం: ఆ నెయిల్ పాలిష్ ఏ రంగు?