గుండె మీద చెయ్యి

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో వందనాలు. నా నోరు మంచిది కాదని ఈ సంఘంలో తెలియనివాళ్ళు లేరు, దాన్ని కట్టమని ఉపవాసముండి ప్రార్థించినవాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారు. ఆ ప్రార్థనకు దేవుడేం జవాబిచ్చాడో వినండి!

మా ఆయన కర్నూలు నుంచి పోయి సినిమా నిర్మాత అయిన మనిషి. ఒకటి ఆడింది, ఇంకొకటి ఆడింది, ఆ తర్వాత సీమలో ఏ ఊరి సెంటర్లో చూసినా ఆయన ఫ్లెక్సీయే! మాట్లాడేది తక్కువ. జనం కేకలేస్తే కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచుతారు, అంతే. ఫ్లెక్సీలన్నిటి మీదా అదే బొమ్మ. ఆ కేకలు వినని రోజు ఆయనకు అన్నం సహించేది కాదు. ఆయాసం వస్తోంది, డాక్టరుకు చూపించుకోండి అంటే "రిలీజ్ కానీ" అనేవారు. మందిరానికి రమ్మన్నా అదే మాట!

మొన్నటి సినిమా విజయయాత్రకు బద్వేలు పోయాము. అభిమానులు నడిరోడ్డు మీద క్రేను నిలబెట్టి దానికి గజమాల వేలాడదీశారు. మేమిద్దరం పైకప్పులేని బండి మీద నిలబడి ఉన్నాము. ఉన్నట్టుండి ఆయన చెయ్యి గుండె మీదికి పోయింది. ఒకటే ఈలలు! చెయ్యి బిగుసుకుంది, తల వాలింది, చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, ఈలలు ఇంకా పెరిగాయి.

"అన్నా, ఇంగోసారన్నా!"

మనిషి ప్రాణం పోతుంటే చప్పట్లు సహోదరులారా! ముందు క్రేను, వెనక మోటారు సైకిళ్ళు, చుట్టూ టపాకాయల పొగ, నేను కదలమంటే డ్రైవరుకు వినపడదు. అప్పుడు దేవునితోనే జగడానికి దిగాను. "ప్రభువా, నా నోరు కట్టమని వీళ్ళంతా నిన్నడిగారు కదా, ఈ ఒక్కసారికి కట్టొద్దు! ఈయన ఇంకా నీ గడపే తొక్కలేదు, అప్పుడే తీసుకుపోతే ఏం న్యాయం?"

మైకు లాక్కున్నాను. "మీ అన్న దండం పెట్టడంల్యా, గుండె నొప్పితో పడిపోతాండాడు! దావ ఇడవండప్పా!"

"ఏమక్కా, కొత్త సినిమా డైలాగా?" అని ఎవడో అరిచాడు, జనం గొల్లుమన్నారు.

"డైలాగైతే దుడ్లిచ్చి రాయించుకుంటాం గదరా! ఇది నా సొంత నోరు! క్రేనన్నా, నువ్వన్నా ఆ ముఖం సూడు!"

పైనుంచి క్రేను డ్రైవరు మస్తాన్ చూశాడు. చూసి, "అక్కా, నా ఎనకే రాండి!" అని హారన్ నొక్కి పట్టుకున్నాడు. గజమాల ఊగుతూ క్రేను ముందు పోతుంటే ఆ జనమంతా రెండుగా చీలిపోయారు, దేవునికే మహిమ!

బద్వేలులో సూది వేసి కడపకు పంపారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు కడప డాక్టరు. కళ్ళు తెరిచి ఆయన అన్న మొదటి మాట, "ప్రార్థన చెయ్యి." ఎన్నడూ అడగని మనిషి! ఇంత నోరున్న నాకు మాట రాలేదు, ఏడుపొక్కటే వచ్చింది, దేవుడు దాన్నే ప్రార్థనగా తీసుకున్నాడు.

అదిగో, మగవాళ్ళ వరసలో కూర్చుని ఉన్నారు. సినిమాలు మానేశారా అని నన్ను అడగబోతున్నారేమో, మానలేదు, దాని మీద వాదనకు నేను సిద్ధమే! ఆ కేకల ఆకలిని మాత్రం ప్రభువు తీసేశాడు. మీ ఇంట్లోనూ అటువంటి ఆకలి ఉంటే ఆయన దగ్గరికి రండి, జగడమాడైనా అడగండి, ఆయన వింటాడు. ఇంకొక్క మాట. మీ ముందు ఎవరైనా గుండె మీద చెయ్యి పెట్టుకుంటే, చప్పట్లు కొట్టే ముందు ఆ ముఖం చూడండి.