మా మేనత్త మోసుకెళ్లిన మైకు పెట్టె

మా మేనత్త పోయింది. కబురు చెప్పింది ఆమె కొడుకు, మా బావ. కరీంనగర్‌లో నేను నడుపుకునే కంప్యూటర్ రిపేరు షాపులో అప్పుడు ఎవరిదో లాప్‌టాప్ విప్పి, మరలన్నీ డబ్బా మూతలో పోసుకుని కూర్చున్నాను. ఫోన్‌లో బావ గొంతు మామూలుగానే ఉంది.

"అవ్వ పోయిందే. పొద్దుగాల చాయ తాగింది, గ్లాసు కింద వెట్టింది, గోడకు ఒరిగింది. గంతే."

"సరే" అన్నాను. మరలన్నీ ఎక్కడివక్కడ బిగించి, లాప్‌టాప్ పనిచేస్తోందని చూసుకుని, షట్టరు దించి లక్సెట్టిపేట బస్సెక్కాను. గోదావరి వంతెన మీదికి రాగానే బస్సు చప్పుడు మారింది. రోడ్డు మీద గరగరలాడే ఇంజను అక్కడ కాస్త తేలికపడుతుంది. చిన్నప్పుడు ఆ తేడా నాకు చెప్పింది మేనత్తే. "కింద ఖాళీ ఉన్నది గద బిడ్డా, సప్పుడుకు ఊపిరాడుతది," అనేది. అది గుర్తొచ్చి, పక్క సీటులో ఉన్నామె నన్నే చూస్తున్నా సరే, వంతెన దాటేదాకా ఏడ్చాను.

సమాధుల దగ్గర పెట్టిన మైకు కూత పెట్టింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే కీచుమని ఒకటే గోల. ఆమెకు వినపడి ఉంటే శవపెట్టెలోంచి లేచొచ్చి, ఆ మైకు సెట్టు అబ్బాయిని నాలుగు తిట్టి మళ్లీ పడుకునేది. నేనే తగ్గించబోయాను.

"ఆడనే ఉండుండ్రి మేడం, మేం సూస్తున్నం," అన్నాడతను.

"మీరు సూస్తున్నరు సరే, మేం ఇంటున్నం గద," అన్నాను. ఏడుస్తున్న బావ కూడా ఆ మాటకు నవ్వాడు.

ఆమె మీకెవరికీ తెలియదు. లక్సెట్టిపేట చుట్టుపక్కల పెళ్లిళ్లకు, ప్రార్థన కూటాలకు, బడి పండుగలకు మైకు సెట్టు అద్దెకిచ్చే మనిషి. షాపు మామ పెట్టిందే. మామ పోయాక అమ్మెయ్యమని అందరూ సలహా ఇచ్చారు. ఆమె అమ్మలేదు సరికదా, మామ కన్నా బాగా నడిపింది. మామకు పెద్ద చప్పుడంటే ఇష్టం. ఈమెకు మాట ఇష్టం. "మైకంటే భుజం మీద చెయ్యేసినట్టుండాలె. చెంప మీద కొట్టినట్టు కాదు," అనేది.

మైకు బాగుందో లేదో చూడటానికి అందరూ "హలో హలో, వన్ టూ త్రీ" అంటారు. ఆమె దగ్గర అది చెల్లదు. "ఒకటి రెండు మూడు అని ఎవలన్న ఇంట్ల మాట్లాడుకుంటరా?" అని కసురుకునేది. ఏ ఊరు వెళ్లినా ఆ ఇంటి ఆడమనిషిని పిలిచి, మైకు చేతికిచ్చి, "మీ ఇంట్లోల్లను అన్నానికి పిలువు బిడ్డా," అనేది. అన్నానికి పిలిచేటప్పుడు మనిషి దొంగ గొంతు పెట్టదని ఆమె నమ్మకం. సిగ్గుపడుతూ మొదలుపెట్టిన వాళ్లు రెండో పిలుపుకల్లా అసలు గొంతులోకి వచ్చేసేవారు. అప్పుడు అత్త కళ్లు మూసుకుని, గొంతులన్నిటినీ కలిపి సరిచేసే మిక్సరు మీద మీటలు కదిపేది. ఆ ఒక్క గొంతు సరిగ్గా వస్తే, మిగిలినవన్నీ దాని వెనకాల వాటంతటవే కుదురుకునేవి.

ఆ మిక్సరు నులకమంచమంత ఉండేది. ఇద్దరు ఎత్తాలి. ఒకరోజు వ్యానులోంచి దాన్ని దించుతూ జారిపడి, అత్త కుడి భుజం విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి సగమే లేచేది. బరువులు ఎత్తొద్దన్నాడు డాక్టరు. బావకు అదే అదను దొరికింది.

"షాపు బంద్ వెడుదాం అవ్వా. లేకుంటే మనుషులను వెట్టుకో. నువ్వు కుర్సీల కూసోని చెప్పు, వాళ్లు చేస్తరు."

"నేను చెప్పుడు, వాళ్లు తిప్పుడా? కూర నాది, ఉప్పు వాళ్లు ఏస్తరా?" అందట అత్త.

చేతితో తాను చెయ్యని పని తనది కాదు, అంతే. ఆ పని లేకపోతే తానేమిటో ఆమెకు తెలియదు. ఈ మాట నాకు ఆమె ఎన్నడూ చెప్పలేదు. మెడలో వేలాడే చేతిపట్టీతో కరీంనగర్ వచ్చి, నా షాపులో స్టూలు మీద కూర్చున్నప్పుడు ముఖంలో కనిపించింది.

"నువ్వు కంప్యూటరోళ్ల దానివి గద. నాకొక పెట్టె చేసియ్యి. సగం బిందె నీళ్లంత బరువుండాలె, గంతకు మించొద్దు. ఎడమ చేతికి వట్టుకోని బస్సుల వోతా."

"మైకు సెట్టు బస్సుల వోతదా అత్తా?"

"కోళ్లు వోతున్నయి, మేకలు వోతున్నయి. మైకు ఎందుకు వోదు?"

స్పీకర్లు ఏ ఊళ్లోనైనా అద్దెకు దొరుకుతాయి, మోయడానికి అక్కడివాళ్లే ఉంటారు. మనం తీసుకెళ్లాల్సింది మిక్సరు ఒక్కటే. ఆ మంచమంత మిక్సరు చేసే పనంతా ఇప్పుడు అరచేతిలో పట్టే కంప్యూటరు చేస్తుంది. దానికి మైకు తీగలు గుచ్చుకునే సౌండు కార్డు, ఒక చిన్న తెర, ఒక చిన్న వైఫై పెట్టె, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ కావాలి. మీటలన్నీ ఆ తెర మీదా, చేతిలో పట్టుకునే ట్యాబ్ మీదా బొమ్మలుగా కనిపిస్తాయి, వేలితో జరపడమే. మామ వాడిన గట్టి సూట్‌కేసు ఒకటి అటక మీద ఉంటే దించాం. ఆదివారాలు నేను లక్సెట్టిపేట వెళ్లేదాన్ని. ఆమె ప్రార్థనకు వెళ్లొచ్చేసరికి మేడ మీది గదిలో తీగలు పరిచి కూర్చునేదాన్ని.

మొదటిసారి మాట్లాడించి చూసినప్పుడు ఆమె ముఖం చిట్లించింది. చెవులకు హెడ్‌ఫోన్లు, నోటి ముందు మైకు.

"నేనొకటి అంటున్న. నా వెనుకల ఇంకొకామె నిలవడి గదే అంటుంది. ఎవలామె?"

ఆ ఇంకొకామె ఆమే. కంప్యూటరు గొంతును కొంచెం కొంచెం చొప్పున తీసుకుని, సరిచేసి బయటికి పంపుతుంది. ఎక్కువెక్కువ తీసుకుంటే మాట ఆలస్యంగా వస్తుంది. మరీ తక్కువ తీసుకుంటే దానికి తీరిక చిక్కక చిటపటమంటుంది. ఇది చెప్పడానికి నేను తంటాలు పడుతుంటే ఆమె చేత్తో ఆపింది.

"పెద్ద ముద్ద వెడితే నములుడు ఆలస్యం. సిన్న ముద్దలు ఆగకుంట వెడితే పొలమారుతది. గంతేనా?"

అంతే. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు దానికి సరిపడే ముద్ద ఎంతో వెతుకుతూ కూర్చున్నాం. నేను తగ్గించడం, ఆమె "అ" అనడం, మళ్లీ పెంచడం. ఒక మధ్యాహ్నం ఆమె "అ" అని ఊరుకుంది. వెనకాల ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నం నాకు కలలోదిలాగే గుర్తుంది. ఫ్యాను తిరుగుతోంది. మైకు కిటికీలో పెట్టి మరిచిపోయాం. అన్నం తిని నేను చాప మీద ఒరిగాను. కళ్లు తెరిచేసరికి అత్త ఇంకా హెడ్‌ఫోన్లతో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను పిలిచి ఒక చెవిది నాకు పెట్టింది. కింద వీధిలో తోపుడుబండి చక్రం, ఎవరింట్లోనో నీళ్లు పోస్తున్న చప్పుడు, పక్క మేడ మీద ఆరేసిన చీర గాలికి కొట్టుకోవడం, అన్నీ మా మధ్యనే జరుగుతున్నట్టు ఉన్నాయి.

"దునియా గింత దగ్గరున్నదా బిడ్డా," అంది చివరికి. పొద్దు దిగేదాకా అక్కడే ఉన్నాం.

పెట్టె సిద్ధమైంది. ఉట్నూర్ పైన అడవిలో ఒక పల్లె, కొత్త ఇంటి ప్రార్థన. పెద్ద వ్యాన్లు అక్కడికి పోవు, జీపులే. మొదటి బేరం అదే ఒప్పుకుంది. బావ ఖరాఖండిగా చెప్పాడు: "గీ ఒక్కసారి సూద్దాం. గది పని చెయ్యకపోతే షాపుకు తాళమే." ఆమె సరే అంది. మరి ఆ బాటలో జీపు కుదుపులకు కంప్యూటరు ఏమైపోతుందోనని, పాత చీరలన్నీ కలిపి మెత్తని బొంత కుట్టి సూట్‌కేసు లోపలంతా పరిచింది. పసిపిల్ల ఉయ్యాలకు కూడా అంత శ్రద్ధగా ఎవరూ కుట్టరు. నేను కూడా చూసి మురిసిపోయాను. ఎండాకాలమని ఇద్దరికీ తట్టలేదు.

ఎండ ముదురుతుండగా ఆ ఇంటి వాకిట్లో పెట్టె తెరిచాం. అత్త పద్ధతి ప్రకారం ఇంటామె చేతికి మైకు ఇచ్చింది. ఆమె మొదట నవ్వి, తర్వాత గొంతెత్తింది.

"ఓ... అన్నానికి రండ్రీ! అందరు రండ్రి, ఎండల తిరుగకుండ్రి, బుక్కెడు తినిపోదురు గని!"

అంత స్వచ్ఛంగా ఒక పిలుపు మైకులో నేను అంతకుముందు వినలేదు. అడవి అంచులదాకా పోయింది. ఆ వెంటనే పెట్టె చచ్చిపోయింది. బొంతలో ఉడికిపోయి కంప్యూటరు తనంతట తానే ఆగింది.

ఇప్పపువ్వు ఏరుకుంటున్న వాళ్లంతా గంపలతో సహా వచ్చేశారు. చేలల్లో ఉన్నవాళ్లు కాళ్లు చేతులు కడుక్కుని వచ్చారు. వాకిలి నిండిపోయింది. పిలవడానికి పనిచేసిన మైకు, వద్దని చెప్పడానికి పనిచెయ్యదు.

"అయ్యో అక్కా, ఇంక పొయ్యి గూడ అంటువెట్టలే! ఎట్లనే?" అంది ఇంటామె, ఏడుపు గొంతుతో.

"పరేషాన్ గాకు. పిలిచింది నా మైకు, జవాబు నేను చెప్త," అని అత్త అరుగు మీద నిలబడి, తనకున్న గొంతుతోనే చెప్పింది. "అన్నం ఇంక కాలే. అబద్ధమాడిన. అందరు తలొక చెయ్యి ఏస్తే జల్దిన అయితది!"

నవ్వులే నవ్వులు. ఎవరో పొయ్యి రాళ్లు పెట్టారు, ఎవరో ఉల్లిగడ్డలు కోశారు. ఆ సందడిలో అత్త పెట్టె పక్కన కూలబడి, ఎంతో ముచ్చటగా వేసిన కుట్లను పళ్లతో తెంపుతూ బొంత ఊడదీసింది. తర్వాత విసనకర్ర పట్టుకుని, ఎండన పడి వచ్చిన చుట్టానికి విసిరినట్టు కంప్యూటరుకు విసురుతూ కూర్చుంది. ఎడమ చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది. నేను విసురుతానంటే ఇవ్వలేదు.

"అత్తా, గిది మళ్ల లేస్తదో లేదో నాకు తెల్వది," అన్నాను. భయంతోనే అన్నాను.

"గిది లేవకపోతే నేను గూడ లేవ," అంది. నా వైపు చూడలేదు. అంత భయం ఆమె ముఖంలో అంతకుముందు నేను చూడలేదు.

అన్నం ఉడుకు పట్టే వేళకు తెర వెలిగింది. ఆమె కళ్లు తుడుచుకుని, "ఇగ అన్నమయ్యేదాంక పాడుండ్రి," అంది. భోజనాలు ముందు, ప్రార్థన తర్వాత జరిగిన కొత్త ఇల్లు ఆ పల్లెలో బహుశా అదొక్కటే. తిరిగొచ్చాక బావ మళ్లీ తాళం మాట ఎత్తలేదు. సూట్‌కేసు పక్కలకు నేను చిల్లులు పెట్టించాను.

ఆ తర్వాత ఆమె ఆ పెట్టెతో తిరగని ఊరు లేదు. కండక్టర్లు గుర్తుపట్టి ముందు సీటు ఇచ్చేవారు. నన్ను రమ్మన్నప్పుడల్లా వెళ్లేదాన్ని, రమ్మనకపోతే అలిగేదాన్ని. అందరిలో ఆమె నన్నే తన పనికి కలుపుకుంది. నాకు దొరికిన మర్యాదల్లో అంతకన్నా పెద్దది లేదు.

చివరిది బోథ్ పక్కన ఒక పల్లెలో, క్రిస్మస్ ముందరి పాటల కూటం. పత్తి ఏరే రోజులు. అప్పటికే ఆమె మనిషి సగమైంది. పెట్టె నేను పట్టుకుంటానంటే వినకుండా బస్సు దిగి తానే మోసింది. పొద్దు వాలుతోంది. చేను పక్కనే చాపలు పరిచారు. పాట మొదలయ్యాక ట్యాబ్ చేతిలో పట్టుకుని నన్ను అడిగింది.

"గీ పలక వట్టుకోని ఎంత దూరం వోవచ్చు?"

"వైఫై అందినంత దూరం. ఎందుకు?"

"గిన్నేండ్ల సంది స్టేజి పక్కకే కూసున్న బిడ్డా. నా సౌండు ముంగటికెళ్లి ఎట్లుంటదో నేనెన్నడు ఇనలే."

శాలువా కప్పుకుని వెళ్లింది. నేను పెట్టె దగ్గర ఉండిపోయాను. చాపల మధ్య ఆమె ఆగినప్పుడు, నేను ముట్టకుండానే పెట్టెలోని తెర మీద మీటలు కదిలాయి. హార్మోనియం కొంచెం తగ్గింది. వెనక వరుసలో పాడుతున్న ముసలమ్మల గొంతులు మెల్లగా పైకి వచ్చాయి. ఆమె చివరి వరుస దాటింది. డోలక్ ఒక పిసరు దిగింది. పత్తిచేను గట్టు మీదికి వెళ్లింది. తెల్లటి పత్తిలో తెల్లటి శాలువా కాసేపు కనిపించి కలిసిపోయింది. మీటలు ఇంకా కదులుతూనే ఉన్నాయి, వెంట్రుకవాసి పైకి, వెంట్రుకవాసి కిందికి. తర్వాత ఆగాయి. వైఫై అందనంత దూరం వెళ్లిపోయింది.

నా వేలు తెర దాకా వెళ్లి ఆగింది. పెంచడానికి గానీ తగ్గించడానికి గానీ ఏమీ లేదు. మీటలన్నీ ఆమె వదిలిన చోటే ఉన్నాయి. చేను అవతల చీకట్లో ఆమె నిలబడి వింటోంది. ఇక్కడ రెండో చరణం ఎత్తుకున్నారు.